కారు గుర్తుపట్టని రిమోట్

సోమవారం ఉదయం 7.31. నోయిడా నుంచి భవ్యశ్రీ తన అక్క లీలావతికి ఫోన్ చేసింది.

"అక్కా, బేస్‌మెంట్‌లో ఉన్నా. రిమోట్ ఎంత నొక్కినా కారు ఉలకదు, పలకదు. క్యాబ్ పెట్టుకుని వచ్చేస్తా."

అంతే. 7.34కి ఆ ఫోన్ స్విచ్ఛాఫ్ అయింది.

లీలావతి ఉండేది ఢిల్లీలో, ధౌలా కువాన్ దగ్గర ఆర్మీ క్వార్టర్స్‌లో. తొమ్మిదిన్నర దాటినా చెల్లెలు రాలేదు. ఆమె పోలీసులకి చెప్పింది. బేర్ సరాయ్‌లో చిన్న డిటెక్టివ్ ఆఫీసు నడిపే శ్రీరాములుకీ చెప్పింది. ఆయన మిలిటరీ పోలీసులో సుబేదారుగా రిటైరైన మనిషి. మాట కరుకు, అబద్ధం వింటే ఒళ్ళు మంట.

12.40కి శ్రీరాములు నోయిడాలో భవ్యశ్రీ ఉండే అపార్ట్‌మెంట్ సొసైటీకి చేరాడు. జనవరి పొగమంచు మధ్యాహ్నమైనా విడలేదు.

పంతొమ్మిదో అంతస్తు ఫ్లాట్‌లో ముగ్గురున్నారు. తలుపు దగ్గర పోలీసు చౌకీ ఎస్.ఐ. సోఫా అంచున లీలావతి. ఆమె పదకొండింటికి వచ్చినప్పటి నుంచి ఎదుటి మనిషి మీద చూపు తిప్పలేదు. ఆ ఎదుటి మనిషి భవ్యశ్రీ భర్త సాయిప్రకాష్. సాఫ్ట్‌వేర్ కంపెనీలో మేనేజరు.

"చివరిసారి ఎప్పుడు చూశావు బాబూ?" అన్నాడు శ్రీరాములు.

"ఏడింటికి సర్. మళ్ళీ నిద్రపోయా. లేచేసరికి తను లేదు."

"గొడవ పడ్డారా?"

"లేదు సర్."

"అబద్ధం అంకుల్," అంది లీలావతి. "నిన్న మా ఇంటికొచ్చి చెయ్యి చూపించింది. మోచేతి దాకా కమిలిపోయింది. ఇవాళ్టి నుంచి మా దగ్గరే ఉంటానంది."

సాయిప్రకాష్ తల దించుకున్నాడు.

గేటు కెమెరా రికార్డింగ్ తాను చూశానని ఎస్.ఐ. హిందీలో చెప్పాడు. ఆ ఫ్లాట్ కోసం క్యాబ్ రాలేదు. భవ్యశ్రీ నడిచి కూడా బయటికి పోలేదు.

శ్రీరాములు వాచీ చూసుకున్నాడు. అంటే ఆ పిల్ల గేటు దాటలేదు. ఎనిమిది టవర్లు, రెండు బేస్‌మెంట్లు. ఎక్కడో లోపలే ఉంది. ఐదు గంటలు గడిచిపోయాయి. ఇంకా ఊపిరి ఉందో లేదో.

"కారు తాళం ఏదీ?"

ఎస్.ఐ. జేబులోంచి తీసిచ్చాడు. రోజూ కార్లు తుడిచే మనోజ్‌కి అది ఎనిమిదింటికి కారు కింద దొరికిందట. వాణ్ణి గార్డు రూములో కూర్చోబెట్టారు.

"బ్యాటరీ అయిపోయింది సర్," అన్నాడు సాయిప్రకాష్. "రెండో తాళం పోయి ఏడాదైంది. సర్వీసు వాళ్ళు గురువారం వస్తామన్నారు."

శ్రీరాములు గురువారం దాకా ఆగే రకం కాదు. తాళాలు చేసే గుర్మీత్‌కి ఫోన్ కొట్టాడు. 1.25కి గుర్మీత్ వచ్చాడు. రిమోట్ విప్పి, కొత్త బ్యాటరీ వేసి, చిన్న మెషిన్ దగ్గర పెట్టి నొక్కాడు. మెషిన్ కూసింది.

"తాళం భేషుగ్గా ఉంది సుబేదార్ సాబ్. కారే దీన్ని గుర్తుపట్టట్లేదు."

"దానంతట అది మరిచిపోతుందా?"

"లేదు సాబ్. ఎవరో కొత్త తాళం కట్టించారు, అంటే కారు దాన్ని గుర్తుపట్టేలా మెషిన్‌తో జత చేయించారు. ఈ మోడల్‌కి కొత్తది కట్టేటప్పుడు పాతవి కూడా పక్కనే ఉండాలి. ఆ టైముకి లేనిదాన్ని కారు తీసేస్తుంది. ఇంకో మాట. రిమోట్ లోపల చిన్న ఇనుప తాళం ఉండాలి, చేత్తో తలుపు తియ్యడానికి. అదీ లాగేశారు."

"దీన్ని మళ్ళీ కట్టగలవా?"

"కట్టొచ్చు. కానీ కారు లోపల మెషిన్ పెట్టాలి. ముందు తలుపు తియ్యాలిగా. అరగంట పడుతుంది."

"ఇంకెవరు, ఆ మనోజ్‌గాడే," అని అందుకున్నాడు సాయిప్రకాష్. "ప్రతి ఆదివారం లోపల తుడవడానికి తాళం వాడికే ఇస్తాం. ఇక్కడ అందరూ అంతే."

శ్రీరాములు కిందికి దిగి, గేటు దగ్గర గార్డు ట్యాబ్ తీసుకుని ఆ ఫ్లాట్ ఎంట్రీలు చదివాడు. రెండుసార్లు చదివాడు.

"అందర్నీ బేస్‌మెంట్‌కి తీసుకురండి. మనోజ్‌ని కూడా."

1.50. స్తంభం పక్కన తెల్లకారు. అక్కడ కెమెరా లేదు. ఉన్న ఒక్కటీ ర్యాంపు వైపు తిరిగి ఉంది.

"దొంగ పాత తాళాన్ని చంపడు," అన్నాడు శ్రీరాములు. "చంపితే ఓనరుకి అనుమానం వస్తుంది. మనోజ్ దొంగయితే, తాళం ఎలాగూ చేతికొస్తుంది కాబట్టి రెండూ కలిపి కట్టించుకునేవాడు. ఈ పని చేసినవాడికి కారు అక్కర్లేదు. ఆ పిల్ల కారెక్కి వెళ్ళకుండా ఉంటే చాలు. లీలావతమ్మా, నిన్న మూడింటికి ఈ తాళం ఎక్కడుంది?"

"దాని హ్యాండ్‌బ్యాగులో. మెట్రోలో వచ్చింది. మా ఇంట్లో నా కళ్ళతో చూశా."

"నిన్న 3.12కి ఈ ఫ్లాట్‌కి ఒక మనిషి వచ్చాడు. సొసైటీ యాప్‌లో ఏసీ సర్వీస్ అని ఎంట్రీ. అప్రూవ్ చేసింది నీ ఫోన్, సాయిప్రకాష్. ఢిల్లీ జనవరిలో, జనం రజాయిలు వదలకుండా వణుకుతుంటే, ఏసీ సర్వీసేమిటయ్యా?"

"ఆఫర్‌లో ఉందని..."

లీలావతి అప్పటికే కారు మీద పడి డిక్కీ లాగుతోంది. "పగలగొట్టండి అంకుల్. అద్దం పగలగొట్టండి."

"ఆగమ్మా. తాళం ఇక్కడే ఉంది." శ్రీరాములు ఆమె చెయ్యి పట్టి ఆపాడు. "కారు గుర్తుపట్టే తాళం జేబులో ఉంటే, తలుపు మీద బటన్ నొక్కితే చాలు. మనోజ్, ఇలా రా."

మనోజ్ వచ్చి నిలబడ్డాడు. శ్రీరాములు బటన్ నొక్కాడు. ఏమీ జరగలేదు.

"ఇప్పుడు నువ్వు."

సాయిప్రకాష్ కదల్లేదు. ఎస్.ఐ. అతని భుజం పట్టి కారు పక్కకి నెట్టాడు. శ్రీరాములు మళ్ళీ నొక్కాడు.

లైట్లు రెండుసార్లు వెలిగాయి. పక్క అద్దాలు మెల్లగా విచ్చుకున్నాయి.

ఎస్.ఐ. అతని జాకెట్ లోపలి జేబులోంచి కొత్త తాళం తీశాడు. శనివారం భార్య సర్టిఫికెట్లు సర్దడం చూశానని, వెళ్ళనివ్వకూడదనే రిమోట్‌లోని ఇనుప తాళం లాగేసి, ఏసీ మనిషి పేరుతో తాళాలవాణ్ణి పిలిచి కట్టించానని సాయిప్రకాష్ గొణిగాడు. అందరూ పోయాక కారు బయటికి తీద్దామనుకున్నాడు. లీలావతి పోలేదు.

డిక్కీ తెరిచారు. సూట్‌కేసు, దాని వెనక ముడుచుకుని భవ్యశ్రీ. కణత మీద నెత్తురు గడ్డకట్టింది. నోటికి టేపు, చేతులకి టేపు. లీలావతి చెల్లెలి మెడ మీద వేళ్ళు పెట్టి నాడి కోసం చాలాసేపు వెతికింది. దొరికింది. ఆమె ఏడుస్తూనే టేపు ఊడదీసింది.

భవ్యశ్రీ కళ్ళు తెరిచింది. అక్కని గుర్తుపట్టడానికి కాస్త సమయం పట్టింది. పెదాలు కదిలితే లీలావతి చెవి దగ్గర పెట్టింది.

"గట్టిగా మాట్లాడకక్కా," అంది భవ్యశ్రీ. "ఆయన ఇంట్లోనే ఉన్నాడు."