ఊరికి ముందు కావలసింది

తలుపు తీసినవాడి చేతులు మోచేతుల దాకా నీలంగా ఉన్నాయి. సర్వే అమ్మాయి ఒక అడుగు వెనక్కి వేసింది.

"భయపడకండి మేడమ్, పాము కరవలేదు. రంగు," అన్నాడతను.

ఆ ఊళ్ళో చెప్పుకోదగ్గ పని ఒక్కటే, నూలుకు రంగులద్దే ఫ్యాక్టరీ. అందులో రంగులు కలిపే మాస్టరు అతను. ఆమె మున్సిపాలిటీ తరఫున వచ్చింది. జనం ఎలా బతుకుతున్నారు, పనులు ఎలా ఉన్నాయి, గాలీ నీరూ ఎలా ఉన్నాయి అని ఇల్లిల్లూ తిరిగి నలభై ప్రశ్నలు అడగాలి. ఊరికి ఏమేం కావాలో రిపోర్టు రాయాలి. దాన్నిబట్టే పైవాళ్ళు ఏం చెయ్యాలో తేలుస్తారు.

ఇరవయ్యో ప్రశ్న దగ్గర అతనికి ఓపిక పోయింది. సంబంధం మాట్లాడడానికి వచ్చినవాళ్ళు కూడా తనను ఇన్ని అడగలేదన్నాడు. అసలు వచ్చినవాళ్ళెవరుంటే కదా అని లోపల్నుంచి వాళ్ళమ్మ అంది. సర్వే అమ్మాయి నవ్వు ఆపుకుని చివరి ప్రశ్నకు వచ్చింది. ఈ ఊరికి అన్నిటికంటే ముందు కావలసిందేమిటి?

"ప్రశ్నలు తక్కువ అడిగే అమ్మాయిలు."

ఆమె అదే రాసుకుంది. పైకి చదివి వినిపించి, కింద సంతకం కూడా పెట్టించుకుంది. చెప్పింది చెప్పినట్టు రాయడమే తన డ్యూటీ అంది.

మర్నాడు పొద్దున్నే మాస్టరు ఆఫీసు మెట్ల మీద ఉన్నాడు. ఆ కాగితం మార్చమని బతిమాలాడు. ఆమె బేరం పెట్టింది. ఫ్యాక్టరీకి దిగువన, అతని ఇల్లున్న మూడు వీధుల్లో ఫైలు పట్టుకున్న మనిషి కనిపిస్తే చాలు, తలుపులు మూసుకుపోతున్నాయి. అవి తెరిపిస్తే కాగితం సంగతి చూస్తానంది.

అలా నెల రోజులు, అతని షిఫ్టు అయ్యాక, ఇద్దరూ కలిసి తిరిగారు. "అక్కా, మన అమ్మాయే" అని అతను ఒక్క మాటంటే పీట వేసేవాళ్ళు. ఆమె ప్రశ్నలు అడిగేది, బావుల్లోంచి సీసాల్లో నీళ్ళు పట్టి ల్యాబ్‌కు పంపేది. ఒక సాయంత్రం వాన ముంచుకొస్తే, ఉన్న ఒక్క గొడుగూ ఇద్దరూ కలిసి ఫైలుకే పట్టారు. కాగితాలు పొడిగా, మనుషులు ముద్దగా అతనింటికి చేరారు. వాళ్ళమ్మ తువ్వాలు ఆమెకిచ్చింది, కొడుకు వంక చూడనైనా లేదు.

"వీడి చేతుల రంగూ వదలదు, నోటి తిక్కా వదలదు. బాగా ఆలోచించుకో అమ్మాయ్," అంది.

అతను గోడవైపు తిరిగి లేని వస్తువేదో వెతకసాగాడు. ఆమె తువ్వాల్లోంచి మొహం బయటికి తియ్యలేదు.

తర్వాతి వారం ల్యాబ్ నుంచి జవాబు వచ్చింది. మూడు వీధుల బావుల్లోకీ ఫ్యాక్టరీ రంగునీళ్ళు దిగాయి. కాచినా ఆ నీళ్ళు తాగడానికి పనికిరావు. చివరి ప్రశ్నకు మాత్రం ఆ వీధుల్లోని రెండువందల ఇళ్ళలో నూటతొంభై ఇళ్ళు చెప్పిన జవాబు ఒక్కటే, పని. ఫ్యాక్టరీ నడవాలి. ఆఫీసరు చెడ్డవాడు కాదు. జనం అడిగింది మొదటి పేజీలో రాసి, నీళ్ళ సంగతి చివర్లో ఎక్కడో పెట్టమని, అలా చేస్తే తప్పుపట్టేవాళ్ళు ఉండరని నెమ్మదిగా చెప్పాడు.

ఆమె తిన్నగా ఫ్యాక్టరీ గేటు దగ్గరికి వెళ్ళి మాస్టరును పిలిపించి, ఉన్నదున్నట్టు చెప్పింది.

"రాయకపోతే?" అన్నాడతను.

"ఫ్యాక్టరీ నడుస్తుంది. మీరు ఇక్కడే ఉంటారు. మనం..." ఆ మాట పూర్తి చెయ్యలేకపోయింది.

అతనికి అమ్మ గుర్తొచ్చింది. ఏడాదిగా ఆవిడకు కాళ్ళు వాస్తున్నాయి. చెప్పులు పట్టక గుమ్మంలోనే కూలబడిపోవడం ఇద్దరూ చూసిందే.

"రేపు మనం ఒకింటివాళ్ళమైతే నాకు కాఫీ పెట్టేది ఆ నీళ్ళతోనే కదా. నా మొహం చూస్తూ ఇవ్వగలరా?"

"ఇవ్వలేను."

"అయితే రాయండి."

ఆమె మొదటి పేజీలోనే రాసింది. నీళ్ళు శుభ్రం చేసే ప్లాంటు కట్టేదాకా ఫ్యాక్టరీ మూసెయ్యాలని ఆర్డరు వచ్చింది. యజమాని ప్లాంటు కట్టలేదు. మిషన్లు లారీలకెక్కించి దూరపు నగరానికి తరలించాడు. మాస్టరుకు అక్కడ పని దొరికింది. కొందరికి ఎక్కడా దొరకలేదు. ఆ వీధుల్లో ఆమె నోటికాడి కూడు తీసిన మనిషైపోయింది.

అయినా ధైర్యం చేసి అతనింటికి వెళ్ళింది. తల్లి గుమ్మంలోనే ఆపింది. గొంతు పెంచలేదు.

"నీళ్ళ సంగతి నాకు తెలియదనుకున్నావా? తెలిసే తాగాను. వాడికి పనుంటే చాలనుకుని తాగాను."

తలుపు వేసేసింది.

ఎంత బతిమాలినా ఆవిడ కొడుకు వెంట వెళ్ళలేదు. ఆ ఇల్లు వదలనంది. అతన్ని బస్సెక్కించడానికి వచ్చింది సర్వే అమ్మాయి ఒక్కతే. రాయమన్నది తనేనని అమ్మకు చెప్పినా నమ్మలేదని అతనన్నాడు. ఒకరంటే ఒకరికి ఇష్టమన్న మాట అప్పటిదాకా ఇద్దరిలో ఎవరూ అనలేదు. బస్సు కదిలాక కిటికీలోంచి అతను అనేశాడు. ఇంజను మోతలో ఆమెకు వినపడలేదు, తెలిసింది. వెనకాలే నాలుగడుగులు నడిచి తనూ ఆ మాటే అంది.

ఆరు నెలలు తిరక్కుండానే పెద్దావిడ కిడ్నీలు పాడయ్యాయి. వారానికి రెండుసార్లు ఆస్పత్రిలో డయాలసిస్. అతనికి నెలకొక్కసారే సెలవు. మిగతా రోజుల్లో సర్వే అమ్మాయే ఆటో తెచ్చి గుమ్మం ముందు నిలబడేది. పెద్దావిడ మాట్లాడకుండా ఎక్కేది, మాట్లాడకుండా దిగేది. మొదట్లో ఆసరాకు చెయ్యి అందించినా పట్టుకునేది కాదు. తర్వాత్తర్వాత పట్టుకుంది, అంతే.

ఒకరోజు కొత్త నర్సు ఫారం నింపుతూ, తోడు వచ్చిన ఆమె మీకేమవుతుందని అడిగింది. తెలిసినవాళ్ళమని సర్వే అమ్మాయి చెప్పబోయింది.

"కోడలు," అంది పెద్దావిడ, కళ్ళు తెరవకుండానే.

ఆ తర్వాత ఆవిడ మూడు వారాలే బతికింది.

కబురందిన వెంటనే బయల్దేరినా, కొడుకు వచ్చేసరికి ప్రాణం పోయింది. అంతా అయ్యాక ఖాళీ మంచం పక్కన నేలమీద కూర్చుని, "అమ్మకు నీమీద కోపం పోయిందా?" అని అడిగాడు. ఆమెను నువ్వు అనడం అదే మొదలు.

ఆమె నర్సు ఫారం సంగతి చెప్పింది. అతను మంచం పట్టెమీద తల ఆనించి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు. ఆమె ఊరుకోమనలేదు. తనూ పక్కనే కూర్చుంది.

"నాతో వస్తావా?" అన్నాడు కళ్ళు తుడుచుకుని.

"వస్తాను. అత్తయ్య చీర ఒకటి తీసుకుంటాను. ఇస్తావా?"

వాళ్ళు ఆ ఇంటికి తాళం వేసిన రోజుకి, మనుషులున్న ఇళ్ళు మూడు వీధుల్లోనూ కలిపి యాభై కూడా లేవు. ఆమె రిపోర్టు పుణ్యమా అని కొత్తగా వేసిన కుళాయిల్లో మంచినీళ్ళు రెండుపూటలా వస్తున్నాయి. పట్టుకునేవాళ్ళు లేక వీధి చివర కుళాయి ఊరికే పారుతోంది. ఆమె వెళ్ళి దాన్ని కట్టేసి వచ్చి, అతను మోస్తున్న పెట్టెకు రెండోవైపు చెయ్యి వేసింది.