అరువు మాట

"ఇది కూడానా?" అంది ఆ అమ్మాయి, పక్క కుర్చీలో బ్యాగు పెడుతున్న అతన్ని చూసి.

"ఏది కూడా?"

"ఫిలాసఫీ తీసుకున్నా, వచ్చావు. నాటకాల చరిత్ర తీసుకున్నా, అక్కడా ఉన్నావు. ఇప్పుడు భాషాశాస్త్రం. నిజం చెప్పు, ఇవి నువ్వే ఎంచుకున్నావా, నన్ను చూసి ఎంచుకున్నావా?"

"టేస్టులు కలిశాయేమో," అన్నాడు అతను, తేలుకుట్టిన దొంగలా బోర్డు వైపు చూస్తూ.

ఆమె నవ్వింది. ఆ నవ్వు చూశాక ఆ రోజు పాఠం అతనికి ఒక్క ముక్క ఎక్కితే ఒట్టు.

తప్పంతా అతనిదే అనడానికీ లేదు. ఆ డిగ్రీయే అలాంటిది. గ్రూపు అంటూ ఉండదు. ఆర్ట్స్‌లో ఏ సబ్జెక్టు కావాలంటే అది, పొద్దున కుదిరితే పొద్దున, సాయంత్రం కుదిరితే సాయంత్రం. ఆమె కళ్ళద్దాల షాపులో పనిచేస్తూ, అతను బావగారి పెయింట్ల దుకాణంలో రంగులు కలుపుతూ చదువుకోగలుగుతున్నారంటే ఆ వెసులుబాటు వల్లే. షరతు ఒక్కటే. రెండో ఏడాది చివర సలహాదారు మేడమ్ ముందు కూర్చుని, ఇన్నిటిలో ఇవే ఎందుకు తీసుకున్నావో, వీటితో ఏం తెలుసుకోవాలనుకుంటున్నావో సొంత మాటల్లో చెప్పాలి. ఆవిడ ఒప్పుకుంటేనే మూడో ఏడాది.

"ఇంతకీ దేంట్లోరా నీ డిగ్రీ?" అని బావ భోజనాల దగ్గర అడుగుతుండేవాడు.

"అన్నిట్లోనూ బావా."

"అంటే దేంట్లోనూ కాదన్నమాట."

"తినేటప్పుడు వాణ్ణి వదిలెయ్యండి," అనేది అక్క. బావ మాట నిజమేనేమోనని ఆవిడకీ బెంగగానే ఉండేది.

రెండో ఏడాది చివర మేడమ్ విద్యార్థుల్ని ఇద్దరిద్దరుగా పిలిచింది. వీళ్ళిద్దరూ కలిసే వెళ్ళారు. ముందు ఆమె మాట్లాడింది.

"షాపులో కళ్ళు టెస్ట్ చేసేటప్పుడు ఒక అద్దం తీసి ఇంకోటి పెట్టి, ఏది బాగుందని అడుగుతాం మేడమ్. ఒకే అక్షరం ఒకరికి స్పష్టంగా కనిపిస్తుంది, ఇంకొకరికి మసక. ఒకే సంగతిని మనుషులు ఇన్ని రకాలుగా ఎందుకు చూస్తారో నాకు తెలుసుకోవాలని ఉంది. ఫిలాసఫీలో వెతికింది అదే. నాటకాల్లో, భాషలో వెతుకుతున్నదీ అదే."

మేడమ్ తల ఊపి అతని వైపు తిరిగింది. అతను గొంతు సవరించుకున్నాడు. లోపల ఏమైనా దొరుకుతుందేమోనని తడుముకున్నాడు. ఏమీ దొరకలేదు.

"నాక్కూడా మేడమ్... ఒకే సంగతిని మనుషులు ఇన్ని రకాలుగా ఎందుకు చూస్తారో..."

"ఇది నేను ఇప్పుడే విన్నట్టున్నానే!" అంది మేడమ్. "వచ్చే వారం రా. ఈసారి నీ మాట చెప్పు. లేకపోతే ఈ ఏడాది ఇక్కడే ఆగిపోతావు."

అరువు సొమ్ము బరువుచేటని పెద్దలు ఊరికే అనలేదు. అరువు మాట సంగతీ అంతే.

బయట వాన మొదలైంది. వరండాలో ఆమె గొడుగు తీస్తూ ఆగింది.

"పక్కన కూర్చున్నందుకు నాకెప్పుడూ కోపం రాలేదు. నిజానికి బాగానే ఉండేది. కానీ ఆ నాలుగు ముక్కలు నాకు ఊరికే రాలేదు. రెండేళ్ళు లోపల నలిగాయి. నువ్వేమో క్షణంలో నీవి చేసేసుకున్నావు."

"కంగారులో నోటికొచ్చింది అనేశాను."

"నీ నోటికి నీదంటూ ఒక్కటీ రాలేదు చూడు, అదే నా బాధ. నాతో వాదించేవాడు కావాలి నాకు. వెంట తిరగడానికి నీడ ఎటూ ఉంది."

ఆ గొడుగులో ఇద్దరు పడతారు, రెండేళ్ళుగా పడుతూనే ఉన్నారు. ఆ రోజు ఆమె ఒక్కతే వెళ్ళిపోయింది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

రెండు రోజుల తర్వాత దుకాణానికి ఒక పెద్దాయన వచ్చాడు. కాగితంలో చుట్టి తెచ్చిన గోడ పెచ్చు ఒకటి బల్ల మీద పెట్టాడు.

"ఈ రంగే కావాలి బాబూ. మా ఆవిడ ఏరికోరి వేయించుకుంది."

లేత నీలం. అతను అలవాటుగా పెచ్చును పక్కకి తిప్పి అంచు చూశాడు. నీలం కింద పసుపు, దాని కింద వెలిసిన ఆకుపచ్చ.

"పసుపు కూడా ఆవిడే వేయించారా?"

"కాదు, అది మా అమ్మ. ఆవిడకి వెలుతురు చాలేది కాదు. ఆకుపచ్చ ఎవరిదో మాకు తెలీదు, మాకంటే ముందున్నవాళ్ళది."

పెద్దాయన వెళ్ళాక కూడా అతను ఆ అంచునే చూస్తూ కూర్చున్నాడు. ఇలాంటి పెచ్చులు ఎన్ని చూశాడో, ఎంతమందిని ఇలాగే అడిగాడో లెక్కలేదు. అడగడం సరదా అనుకున్నాడు గానీ అదీ ఒక చదువేనని ఎప్పుడూ తట్టలేదు. ఆ గోడ వెనక ఎవరెలా బతికారో తెలుసుకోవాలని అతనికి నిజంగానే ఆశ పుట్టింది. అలాంటి ఆశ ఆ అమ్మాయి విషయంలో తప్ప ఇంకెందులోనూ పుట్టలేదు.

వారం తిరిగాక మేడమ్ ముందు కూర్చున్నాడు.

"ఇంతవరకూ తీసుకున్నవి ఒక అమ్మాయి పక్కన కూర్చోవడానికి తీసుకున్నాను మేడమ్."

"చాలామంది అంతకన్నా చిన్న కారణాలకే తీసుకుంటారు. తర్వాత?"

అతను పెచ్చుల గురించి చెప్పాడు. తడబడుతూ మొదలుపెట్టి, ఆపమన్నా ఆపలేనంతగా చెప్పాడు. మూడో ఏడాది ఇళ్ళ చరిత్ర తీసుకుంటానన్నాడు. అది శనివారం పొద్దున. ఆమె తీసుకోబోయే భాషాశాస్త్రం రెండో భాగమూ సరిగ్గా అప్పుడే. అది తెలిసే అడిగాడు. మేడమ్ సరేనంది.

మూడో ఏడాది మొదలైన మొదటివారంలో, వానకి సగం తడిసి ఆమె పెయింట్ల దుకాణం మెట్లెక్కింది. అక్క చూసి, చూడనట్టు లోపలికి వెళ్తూ బావని కూడా మోచేత్తో పొడిచి లేపి తీసుకుపోయింది.

"ఏం రంగు కావాలి?" అన్నాడు అతను, ఇంకేం అనాలో తెలియక.

"రంగు కాదు. క్లాసులో పక్క కుర్చీ ఖాళీగా ఉంది. మేడమ్‌ని అడిగితే శనివారమే వేరే సబ్జెక్టు తీసుకున్నావంది. నా మీద కోపమా?"

"నీ మీద ప్రేమ," అన్నాడు అతను. అనేశాక చెవులు ఎర్రబడ్డాయి. "అది అప్పుడూ ఉంది, ఇప్పుడూ ఉంది. కానీ ఆ క్లాసు మాత్రం నాది కాదు."

ఆమె తడి చున్నీ కొస పిండుకుంది.

"నేను రమ్మంటే?"

లోపల ప్రాణం కొట్టుకుంటున్నా అతను తల అడ్డంగా ఊపాడు.

"రాను."

ఆమె ముఖం విప్పారింది. బల్లకు ఇటువైపు వచ్చి, అతని పక్కనున్న స్టూలు లాక్కుని కూర్చుంది.

"అయితే చెప్పు, శనివారం నీ క్లాసు ఎన్నింటికి అయిపోతుంది? నాది అవ్వగానే వచ్చి బయట నిలబడతాను."