గొంతు తగ్గించిన వార్త

విశాఖ వస్తున్న విమానంలో ఎడమ ఇంజిన్ ఢామ్మని ఆగిపోయింది. ప్రయాణికులందరూ గుండెలు చేత్తో పట్టుకుని దేవుళ్ళను తలుచుకుంటుంటే, త్రినాథ్ మొహం మాత్రం చాటంత అయింది. మరి కాదా! అతను కనిపెట్టిన సూటివార్త యంత్రానికి ఇదే మొదటి అసలు పరీక్ష.

ఈ యంత్రం సంగతి కాస్త చెప్పాలి. ఇంజిన్ సెన్సర్లు పంపే సమాచారమంతా దీనికి చేరుతుంది. ఏదైనా చెడిపోగానే, జరిగింది జరిగినట్టు నాలుగు ముక్కల్లో రాసి, శాటిలైట్ ద్వారా అన్ని టీవీ ఛానళ్ళకూ పంపేస్తుంది. విమానం దిగేదాకా ఛానళ్ళు ఆ నాలుగు ముక్కలే చదవాలి, కొత్త చట్టం అది. ఎర్రక్షరాలు ఉండవు, గుండెలదిరే మ్యూజిక్ ఉండదు, మంటల్లో విమానం బొమ్మలు అసలే కుదరవు. పాపం, యాంకర్లు తమ బాధ ఎవరితో చెప్పుకుంటారు!

"హైమా, భయపడకు. రెండో ఇంజిన్ ఒక్కటే చాలు, హాయిగా దిగిపోతాం," అన్నాడు త్రినాథ్, పక్క సీట్లో ఉన్న కాబోయే భార్యతో.

"ఇంజిన్ సంగతి ఎవరిక్కావాలి? నా భయమంతా మా అమ్మ గురించి!" హైమ రెండు చేతులతో జడ గట్టిగా పట్టుకుంది.

ఆమె భయంలో న్యాయముంది. టీవీ కేకలు వేసినప్పుడల్లా వాళ్ళమ్మ నరసమ్మ సింహాద్రి అప్పన్నకు మొక్కేస్తుంది. మొక్కేది మాత్రం కూతురి జుట్టు. ఓసారి తుఫానులో హైమ ఎక్కిన రైలు గల్లంతని టీవీలో అరిచారు. నిజానికి రైలు తునిలో ఆగి ఉంది, హైమ ప్లాట్‌ఫాం మీద ఇడ్లీ తింటోంది. అయినా గుండు తప్పలేదు. ఆ జుట్టు ఇప్పటికి నడుం దాకా వచ్చింది. పెళ్ళేమో వచ్చేవారం.

"ఈసారి టీవీ అరవదు, అత్తయ్య మొక్కరు. నాదీ పూచీ," అన్నాడు త్రినాథ్.

అన్నట్టే విమానం మెత్తగా దిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. హైమ ఇంటికి ఫోన్ చేసి స్పీకర్ పెట్టింది.

"దిగావా తల్లీ!" అంది నరసమ్మ.

"దిగాం అమ్మా. వార్తలు చూశావా?"

"చూశానే. ఒక ఇంజిన్ ఆగిందీ, రెండోదానితో దిగుతారూ అని ఆ అమ్మాయి ఒక్క అరుపు లేకుండా, ఎంత మెల్లగా చదివిందో!"

"విన్నావా!" త్రినాథ్ మురిసిపోయాడు.

"నా గుండె జారిపోయిందనుకో. పిల్లి గోడెక్కినా గొంతు చించుకునేవాళ్ళు ఇంత మెల్లగా చెబుతున్నారంటే, ఇంకేముంది, అంతా అయిపోయిందనుకున్నాను. వెంటనే అప్పన్నకు మొక్కేశాను."

హైమ కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "పెళ్ళి పెట్టుకుని ఇదేం పనమ్మా!"

"ఆ మాత్రం నాకు తెలీదుటే? పెళ్ళికూతురి జుట్టు ఎవరైనా ఇస్తారా? అల్లుడిది మొక్కాను."

త్రినాథ్ చెయ్యి తనంతట తనే తల మీదకు వెళ్ళింది. "అత్తయ్యా, మమ్మల్ని దింపింది రెండో ఇంజిన్!"

"మరి ఆ రెండోది ఆగకుండా చూసిందెవరు బాబూ?"

మర్నాడు త్రినాథ్ సింహాచలం కొండ మీద క్షురకుడి ముందు తల వంచి కూర్చున్నాడు. హైమ పక్కనే నిలబడి, జడ ముందుకు వేసుకుని మరీ నవ్వింది.