ఘాటు రాని మిరపకాయలు

"మా తూములపాడు స్టేషన్ మళ్లీ తెరుస్తామన్నారండీ."

గుంటూరులో డిటెక్టివ్ గురునాథం గదిలోకి వస్తూనే ఆ శుభవార్త చెప్పి కుర్చీలో కూలబడ్డాడు రామచంద్రమూర్తి. ఆ స్టేషనుకు చివరి మాస్టరు ఆయనే.

గురునాథం సహాయకురాలు, నెల కిందటే భార్య కూడా అయిన జయకుమారి ఆయనకు గోలీసోడా కొట్టి ఇచ్చింది. ఆ చప్పుడుకే ఆమెకు నవ్వొచ్చింది. ఆయన ముఖం చూసి ఆపుకుంది.

"రేపు ఆఫీసరు బండి ఆపి చూస్తాడు. ఎక్కేవాళ్లు లేకపోతే శాశ్వతంగా మూతే. స్టేషన్లో పీడ ఉందని ఒక్కరూ రారు."

"ఉందని ఎవరన్నారు?"

"మిరపకాయలే. అప్పట్లో ప్లాట్‌ఫాం మీద ఒకడి కాలు విరిగితే దిష్టి తీశాం. నిప్పుల్లో కాయలు మాడినా ఎవరికీ దగ్గు రాలేదు. ఘాటు రాలేదంటే పీడ ఉన్నట్టే కదా. జనం మానేశారు, రైల్వేవాళ్లు మూసేశారు. నిన్న మళ్లీ తీస్తే మళ్లీ అంతే. మా ఆవిడ సీతారత్నం ఊళ్లో కాలు పెట్టిన వేళ మంచిది కాదని ఆమె మొహం మీదే అంటున్నారు."

"కాయలు తెచ్చిందెవరు?"

"రెండుసార్లూ మా యలమందయ్యే. మిర్చి వ్యాపారి, నా కంచంలో తిన్నవాడు. రైలు పోయాక ఊరికి బస్సు వేసిందీ పాపం వాడే."

మధ్యాహ్నానికి ముగ్గురూ తూములపాడు చేరారు. ప్లాట్‌ఫాం మీద నిన్నటి దిష్టి బూడిద పక్కన కాయ ఒకటి పడి ఉంది. ఎర్రగా, ఒళ్లంతా ముడతలు.

"ఎంత ముద్దుగా ఉందో చూడండి," అని జయకుమారి కొరికేసింది. గురునాథం కంగారుగా నీళ్లకోసం చూశాడు. ఆమెకు కళ్లు కూడా చెమర్చలేదు.

ఇంకోసారి దిష్టి తీసి చూద్దామని గురునాథం పిలిస్తే సాయంత్రం ఊరంతా ప్లాట్‌ఫాం మీద చేరింది. యలమందయ్య చేతి కాయలు నిప్పుల్లో మాడాయి. ఎవరూ దగ్గలేదు. తర్వాత గురునాథం, ఆ ఊరి రైతు పున్నమ్మ కళ్లంలోంచి తాను తెచ్చిన కాయలు వేశాడు. ఊరంతా ఖళ్లుఖళ్లున దగ్గింది.

"పీడ స్టేషనుకు లేదు. ఇక్కడ పండేది నున్నటి కాయ. ఆ ముడతలది కన్నడదేశం నుంచి రంగుకోసం తెప్పించేది. కారం తక్కువ. వ్యాపారి దగ్గర తప్ప ఉండదు. ఆ వ్యాపారికి బస్సుంది," అన్నాడు గురునాథం.

"రైలొస్తే నా బస్సెవడెక్కుతాడు మూర్తీ?" అన్నాడు యలమందయ్య, తల వంచుకుని.

రామచంద్రమూర్తి కళ్లలో నీళ్లు పొగవల్ల వచ్చినవి కావని జయకుమారికి తెలిసింది.

"బస్సుకేం రా. నీకు వడ్డించిన మనిషిని అన్ని మాటలంటుంటే పక్కనే నిలబడి విన్నావు."

ఆయన ఊరివైపు తిరిగాడు.

"రేపు పొద్దున బండికి మొదటి టికెట్టు సీతారత్నానికి. ముందు ఆమె ఎక్కుతుంది. తర్వాత ఎక్కేవాళ్లు ఎక్కండి."