పన్నెండు బియ్యపు గింజల వంకర

సున్నం బకెట్టు ఒక చేత, తాపీ ఇంకో చేత పట్టుకుని మేస్త్రీ ఆ ఇంట్లోకి అడుగు పెట్టేసరికి, అతని పగులు ముందు ఇంకెవరో గొంతుక్కూర్చుని ఉన్నారు.

'అతని పగులు' అనడంలో తప్పులేదు. కుట్టుమిషను వెనక గోడలో పైనుంచి కిందికి దిగిన ఆ బీటను ఏళ్ళ తరబడి పూడుస్తున్నది అతనే. ఏటా వానలకు ముందు టైలరమ్మ కబురు పెడుతుంది. అతను వస్తాడు, పూడుస్తాడు, చెవి విరిగిన కప్పులో టీ తాగుతాడు, మొన మొద్దుబారిన ఆమె కత్తెరకు సానపట్టి ఇస్తాడు, వెళ్ళిపోతాడు. ఏడాదిలో మిగతా రోజులన్నీ ఆ ఒక్క రోజు కోసం గడిపేవే.

ఇవాళ ఆ చెవి విరిగిన కప్పు కొత్త మనిషి చేతిలో ఉంది.

"ఆగండాగండి! గోడ ముట్టుకోకండి!" అన్నాడా మనిషి కళ్ళజోడు సర్దుకుంటూ.

"ముట్టుకోకుండా పూడ్చడం నాకింకా రాదండీ. ఇంతకీ తమరెవరు?"

"భూమిలోపలి కదలికల మీద రీసెర్చ్. ఈ పగులు మాకు చాలా ఇంపార్టెంట్. ప్రతి శుక్రవారం వచ్చి కొలుస్తాను."

ప్రతి శుక్రవారం! తనకు ఏడాదికోసారి దక్కేది ఇతగాడికి వారానికోసారి. చదువుకున్నవాళ్ళ సుఖమే సుఖం. గోడ పూడ్చక్కర్లేదు, ఊరికే చూస్తే చాలు, జీతమూ వస్తుంది, టీ కూడా వస్తుంది.

అక్కడికక్కడే మేస్త్రీ మనసులో అతనికి 'భూగోళం' అని పేరు పెట్టేశాడు.

"కూర్చోండి మేస్త్రీ గారూ, మీరూ వినండి," అంది టైలరమ్మ. ఆమె కళ్ళు వెలిగిపోతున్నాయి. ఆ కళ్ళు సున్నం చూసి ఏనాడూ అంత వెలగలేదు.

భూగోళం చెప్పాడు. మన కాళ్ళ కింద నేల ఒకటే ముక్క కాదట. పెద్ద పెద్ద పలకలట. అడుగున ఉన్న వేడికి అవి మెల్లగా జరుగుతూనే ఉంటాయట. కొన్ని ఒకదాన్నొకటి గుద్దుకుంటే కొండలు లేస్తాయట, కొన్ని విడిపోతే పల్లాలు పడతాయట, కొన్ని పక్కపక్కనే రాసుకుంటూ పోతాయట. అలా రాసుకునే గీత ఒకటి సరిగ్గా ఈ ఇంటి కిందనుంచే పోతోందట.

"గుద్దుకుంటే అంటే, ఇలాగా?" టైలరమ్మ బల్లమీది కర్టెన్ గుడ్డను రెండు వైపులనుంచీ నెట్టింది. మధ్యలో మడతలు లేచాయి.

"ఎగ్జాక్ట్లీ! మా స్టూడెంట్స్ కూడా ఇంత తొందరగా పట్టుకోరండీ!"

ఆమె సిగ్గుపడింది. మేస్త్రీకి లోపలెక్కడో ఓ పలక గట్టిగా జరిగింది.

"గోడకేం కాదండీ," అన్నాడు ముక్తసరిగా. "సున్నం పాతబడితే బీటలు ఇస్తుంది. దీనికి భూలోకమంతా తిరగక్కర్లేదు."

"మీరెంతవరకు చదువుకున్నారు?" భూగోళం మామూలుగానే అడిగాడు. కొందరు మామూలుగా అడిగేదే గుండెల్లో దిగుతుంది.

"ఏడు. ఆ తర్వాత గోడలు చదివాను."

టైలరమ్మ ఫక్కున నవ్వింది. ఆ నవ్వు ఎవరి పక్షమో తేలక అతనికి ఆ రాత్రి అన్నం సయించలేదు.

అసలు దెబ్బ పాతది, పన్నెండేళ్ళ నాటిది. ఇరవై రెండో ఏట, అతను సొంతంగా ఒప్పుకున్న మొదటి పని వీధి చివరి బడి ప్రహరీ. కూలీ రాకపోతే, ఎదురింటి అరుగుమీద నవల చదువుకుంటున్న పద్దెనిమిదేళ్ళ పిల్ల లేచొచ్చి, "నూలుతాడు అవతలి కొస నేను పట్టుకుంటాలెండి," అంది. ఆ పిల్లే ఈ టైలరమ్మ. గోడ గీత గీసినట్టు లేచింది. కానీ ఏడాదికేడాది మధ్యలో పక్కకు జరుగుతూ జరుగుతూ ఇవాళ్టికి నాలుగు వేళ్ళ వంకర తేలింది. వీధి అతనికి 'వంకర మేస్త్రీ' అని పేరు పెట్టింది. పెద్ద పనులు వేరేవాళ్ళకు పోయాయి. ఏడో తరగతి వంకర మేస్త్రీ ఏ మొహం పెట్టుకుని ఆమెను అడుగుతాడు? అడగలేదు. బీట పూడ్చాడు.

తర్వాతి శుక్రవారం అతను గొళ్ళెం బాగుచేసే వంకతో వచ్చాడు. ఆపై శుక్రవారం గొళ్ళెం బాగుందో లేదో చూసే వంకతో వచ్చాడు.

"ఈ మధ్య మా ఇంటిమీద దయ ఎక్కువైందే!" అంది టైలరమ్మ సూదిలో దారం ఎక్కిస్తూ.

"ఎందుకండీ దయ? మీకిప్పుడు పెద్దవాళ్ళ స్నేహాలు."

"అబ్బో! ఎక్కడో కాలుతున్న వాసనొస్తోంది. ఇస్త్రీపెట్టె కాదు కదా?"

"ఆయన అంత బాగా చెప్తారా?"

"చాలా బాగా చెప్తారు. అన్నట్టు, ఈ ఆదివారం కొలతలున్నాయి. టేపు అవతలి కొస నేను పట్టుకుంటానన్నాను."

మేస్త్రీ చేతిలో స్క్రూడ్రైవరు ఆగిపోయింది. కప్పు పోయిందంటే పోయింది. శుక్రవారాలు పోయాయంటే పోయాయి. కానీ అవతలి కొస? అది కూడా ఇచ్చేసిందా?

ఆదివారం ఆమె బయటికి వెళ్ళడం చూసి, బకెట్టు నిండా సిమెంట్ కలుపుకుని వచ్చాడు. పగులుంటే కదా కొలవడానికి! బీటలో బెత్తెడు లోతున కుక్కి కుక్కి రుద్దాడు. భూగోళం అంటించిన గాజు స్కేలు సిమెంట్లో సమాధి అయిపోయింది.

మంచం మీద కూర్చున్న టైలరమ్మ నాయనమ్మ అంతా చూసింది. "ఏరా, గోడమీద అంత కసేంటి? నీ పెళ్ళాన్ని గానీ ఎత్తుకుపోయిందా?"

"ఉంటే కదా మామ్మా, ఎత్తుకుపోవడానికి."

"అదే నేనూ అంటున్నా," అని ఆవిడ అటు తిరిగి పడుకుంది.

శుక్రవారం వాన. పొద్దున్నే కబురొచ్చింది, వెంటనే రమ్మని. మేస్త్రీ తడుస్తూ వెళ్ళేసరికి భూగోళం గోడ ముందు నడుంమీద చేతులు పెట్టుకుని ఉన్నాడు. సిమెంట్ పూత మధ్యలో పగులు మళ్ళీ నోరు తెరిచింది.

"ఈ సిమెంట్ ఎవరి పని?"

"నాదే," అన్నాడు మేస్త్రీ. తల దించలేదు. "స్కేలు ఖరీదు కట్టిస్తాను. ఇంకీ గడప తొక్కను."

"స్కేలు పోతే పోనీండి. నాకు అర్థం కానిది ఇంకోటుంది. ఇక్కడ నేల జరిగేది ఏడాదికి ఓ బియ్యపు గింజంత. పైన ఈ వెంట్రుకంత గీత ఉంది చూశారూ, అది భూమి పని. కింద, మిషను ఎత్తులో, రెండు వేళ్ళు పట్టేంత సందుంది. అంచుల నిండా గీరిన గుర్తులు. ఇది భూమి పని కాదు. ఎవరో గోకుతున్నారు!"

"నేను కాదు!" మేస్త్రీ అరిచాడు. "పూడ్చేవాణ్ణి, నేనెందుకు గోకుతాను?"

టైలరమ్మ చెయ్యి మెల్లగా జరిగి, బల్లమీది కత్తెరను గుడ్డకింద దాచింది.

మేస్త్రీ చూశాడు. ఏటా మొద్దుబారే మొన. 'గుడ్డలు కత్తిరిస్తున్నారా, రాళ్ళా?' అని ఏటా తను వేసే జోకు. కత్తెర తీసి వేలితో తడిమాడు. మొన సందులో సిమెంట్ పొడి.

"ఏటా... ఇదేనా?"

"వట్టి బియ్యపు గింజంత పగులుకి మేస్త్రీని ఎవరైనా పిలుస్తారా?" అంది టైలరమ్మ. "ఈసారి మరీ గట్టిగా పెట్టావు. నాలుగు రోజులు పట్టింది. చేతులు బొబ్బలెక్కాయి."

పన్నెండేళ్ళలో ఆమె అతన్ని 'నువ్వు' అనడం అదే మొదటిసారి.

"మరి ఆదివారం ఆయన టేపు..."

"కొలిచింది ఏ గోడనో అడగవేం? నీ ప్రహరీనే. కొలవమని ఆయన్ని బతిమాలింది నేను."

భూగోళం నోట్‌బుక్ తీశాడు. "అవునండీ, ఆ గోడ అద్భుతం! ఈ గీతే దాని కిందనుంచీ పోతోంది. గీతకి అటు సగం, ఇటు సగం, రెండూ దారం పట్టినట్టున్నాయి. నాలుగు వేళ్ళ వంకర నేల తెచ్చింది. పన్నెండేళ్ళు, పన్నెండు బియ్యపు గింజలు. మీరు అంత సూటిగా కట్టకపోతే నాకు లెక్కే తేలేది కాదు. నా రిపోర్టులో మొదటి ఫొటో అదే."

మేస్త్రీ గోడకు ఆనుకుని నిలబడ్డాడు. తను పళ్ళు నూరిన మనిషే తన వంకర తీసేశాడు. పైగా ఆ పిచ్చి మారాజు చూపు పగులుమీంచి ఏనాడూ మనిషి మీదికి జరగలేదని ఇప్పుడు తెలుస్తోంది.

"కానీ ఈ ఇంట్లో ఉండకూడదు," అన్నాడు భూగోళం కళ్ళజోడు తుడుచుకుంటూ. "గీతకి దూరంగా, పెరడు చివర కట్టుకోండి."

"అక్కడ బీటలు పడవుగా," అంది టైలరమ్మ నేల చూపులు చూస్తూ. "మరి మేస్త్రీ ఏ వంకతో వస్తాడు?"

"రావడం దేనికి," అన్నాడు మేస్త్రీ. "ఉండిపోతాను. నువ్వు ఉండమంటే."

"గదులెన్నో ముందు తేల్చండి," అంది మంచం మీంచి నాయనమ్మ. "నాది వంటింటి పక్కన. కళ్ళజోడు బాబూ, ఆ కప్పు ఇలా ఇవ్వు. అది మా అబ్బాయిది."

వాన వెలిశాక పెరట్లో మేస్త్రీ మేకు దిగ్గొట్టి నూలుతాడు కట్టాడు. అవతలి కొస ఆమె చేతిలో ఉంది.

"గట్టిగా పట్టుకో. జారిపోతుంది."

"పన్నెండేళ్ళనుంచి పట్టుకునే ఉన్నాను," అంది ఆమె. "నువ్వే కట్టడం మొదలుపెట్టలేదు."