చిటికె వేసిన మడతలు

"ఒక్కో మడతకీ మధ్య అరగంట ఫ్రిజ్‌లో ఉండాలి. మర్చిపోకు," అంది అమ్మ, హడావిడిగా చెప్పులేసుకుంటూ.

"సరేలేమ్మా, ఎన్నిసార్లు చెప్తావ్!"

ఏ పని చెప్పినా చిటికెలో ముగించి ఆటకు పరిగెత్తుతుంది కాబట్టి ఆ పిల్లకు చిటికె అనే పేరు స్థిరపడిపోయింది. ఎలా ముగిస్తుందన్నది వేరే సంగతి.

అమ్మ బట్టల షాపులో పనిచేస్తుంది. సెలవు రోజున కూడా "ఒక్క గంట రా" అని ఫోన్ చేస్తారు. ఇప్పుడూ అదే జరిగింది. చిటికె రోజూ స్కూలు నుంచి వచ్చి, తనే తాళం తీసుకుని ఖాళీ ఇంట్లో కూర్చుంటుంది. అందుకే వీధి చివరి బేకరీలో మనిషి కావాలనగానే అమ్మ వెళ్ళి అడిగింది. అక్కడైతే మధ్యాహ్నానికే ఇంటికొచ్చేయొచ్చు. "సాయంత్రానికి పండ్ల ముక్కలు పెట్టిన డేనిష్ పేస్ట్రీలు చేసి తెండి, చూస్తాను," అన్నాడు ఓనరు.

మైదా పిండి మధ్యలో వెన్న పెట్టి, ఒత్తి, మూడు మడతలు వేయాలి. చల్లబెట్టి మళ్ళీ ఒత్తాలి. వెన్న కరగకుండా ఉంటేనే పొరలు పొంగుతాయి. మొదటిసారి అమ్మే మడతలు వేసింది. ఇంకో రెండుసార్లు వేయడం చిటికె పని.

రెండోసారి బాగానే కుదిరింది. అంతలో వీధిలోంచి పిల్లల కేకలు వినిపించాయి.

"మళ్ళీ అరగంటా? ఈ పిండికేమైనా నిద్రొస్తోందా?" అని విసుక్కుని, వెంటనే మూడోసారి కూడా ఒత్తేసింది. పిండి చిరిగి, వెన్న జిడ్డుజిడ్డుగా బయటికొచ్చింది. దాని మీద గుప్పెడు మైదా చల్లి, ఫ్రిజ్‌లోకి తోసి, వీధిలోకి పరిగెత్తింది.

అమ్మ వచ్చాక అడిగింది. "అరగంట ఆగావా?"

"ఆ... ఆగాను."

అమ్మ ఆపిల్ ముక్కలు పంచదారలో ఉడికించి, పిండిలో పెట్టి ఒవెన్‌లోకి పంపింది. వెన్నంతా కారి ట్రేలో మడుగు కట్టింది. పేస్ట్రీలు పొంగకుండా అట్టముక్కల్లా అణిగిపోయాయి.

"ఎక్కడ తప్పు చేశానో!" అంది అమ్మ.

చిటికె ట్రే వైపు చూడకుండా గిన్నెలు కడగడం మొదలుపెట్టింది.

అమ్మ ఉన్నవాటిలో మంచివి ఏరుకుని, చిటికెతో కలిసి బేకరీకి వెళ్ళింది. ఓనరు ఒకటి విరిచి చూశాడు. "పొరలు రాలేదమ్మా."

"నిజమేనండి. నాకింకా చేతకాదు," అంది అమ్మ, తల దించుకుని. పక్కనే నిలబడ్డ చిటికెకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

ఇంటికొచ్చాక ఏడుస్తూ అంతా చెప్పేసింది.

అమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "నేను రాగానే చెప్పుంటే ఒక్కరోజు గడువు అడిగేదాన్ని కదే," అని లోపలికి వెళ్ళిపోయింది.

మర్నాడు స్కూలు వదలగానే చిటికె నేరుగా బేకరీకి వెళ్ళింది. "తప్పు మా అమ్మది కాదండీ. నేనే ఆగకుండా మడతలు వేసేశాను. మా అమ్మకు వచ్చు."

ఓనరు చేతిలో ఉన్న ట్రే కింద పెట్టాడు. "పొద్దునే వేరే ఆమెను పెట్టుకున్నానమ్మా. నిన్ననే చెప్పుంటే మళ్ళీ చేసి తెమ్మనేవాణ్ణి."

చిటికె కాళ్ళీడ్చుకుంటూ ఇంటికొచ్చింది.

చీకటి పడ్డాక అమ్మ వచ్చింది. ఆమె భుజాన బ్యాగు దించకముందే చిటికె ఎదురెళ్ళింది.

"అమ్మా, బేకరీకి వెళ్ళి నిజం చెప్పాను. కానీ వేరే ఆమెను పెట్టేసుకున్నారట."

అమ్మ గోడకు ఆనుకుని నిలబడింది. "ఇంకా ఏమైనా దాచావా?"

"పోయిన వారం నీ కప్పు పగలగొట్టింది పిల్లి కాదు. నేనే."

అమ్మ నవ్వలేదు. బ్యాగు కింద పెట్టి, నేల మీదే కూర్చుంది. "ఇంకా?" అని అడిగింది. చిటికె కూడా పక్కన కూర్చుని, ఒక్కొక్కటే చెప్పసాగింది.