వర్ధనమ్మగారి గ్లాసు

మా కొట్లోకి బియ్యం సంచీతో వచ్చిన మొదటి మనిషి సత్యశ్రీ.

నర్సీపట్నంలో స్టీలు సామాను కొనేవాళ్ల సంగతి నాకు బాగా తెలుసు. గిన్నె మీద వేలితో కొట్టి చప్పుడు వింటారు. మూత సరిగా కూర్చుందో లేదో పదిసార్లు తిప్పి చూస్తారు. ఈ అమ్మాయి అవేమీ చేయలేదు. గ్లాసుల వరసంతా కౌంటరు మీదికి దింపించి, సంచీ విప్పి, ఒక్కో గ్లాసులో బియ్యం పోయడం, అరచేత్తో అంచుకి సమంగా తలకొట్టడం, పెదవి విరవడం, మళ్లీ సంచీలో పోసుకోవడం. పదకొండో గ్లాసు దగ్గర నా ఓపిక అయిపోయింది.

"ఏటి వెతుకుతున్నారు మేడమ్?"

"మా గ్లాసు."

"మీ గ్లాసు మా కొట్లో ఎందుకుంటాదండీ?"

"మా గ్లాసంత గ్లాసు," అంది తలెత్తకుండా. "ఈ బియ్యం మా ఇంట్లో ఊరగాయ సీసాడు. మా గ్లాసుతో సరిగ్గా నాలుగు వస్తాయి. మీవన్నీ గుప్పెడు ఎక్కువో తక్కువో ఉన్నాయి."

నేను బీకాం చదివినవాణ్ణి. లెక్కలంటే ఊరుకోలేను. "గ్లాసు ఏదైతే ఏటండీ. బియ్యం, పప్పు, నీళ్లు అన్నీ దాంతోనే కొలిస్తే సరిపోద్ది కదా," అన్నాను కాస్త గర్వంగానే.

అప్పుడు తలెత్తింది. బయట వాన పడుతోంది. ఆమె కళ్లద్దాల మీద రెండు చినుకులు ఇంకా ఆరలేదు.

"ఉప్పు చేత్తో వేస్తాది మా అమ్మ. గ్లాసు మారినా చెయ్యి మారదు కదా."

పన్నెండో గ్లాసు ఆమె ముందుకి జరిపాను.

ఉన్నవాటిలో దగ్గరగా ఉన్న గ్లాసు ఒకటి తీసుకుంది. పేరు చెక్కమంటారా అని అడిగాను. ముందు పనికొస్తుందో లేదో చూడాలి అంటూ గొడుగు విప్పుకుని వెళ్లిపోయింది.

రెండో రోజు టిఫిన్ బాక్సుతో వచ్చి మూత తీసి కౌంటరు మీద పెట్టింది. పులిహోర. కొత్త గ్లాసుతో, వాళ్లమ్మ లెక్కనే తను చేసింది.

"తినండి."

తిన్నాను. "బాగుందండీ."

"అబద్ధం."

"ఉప్పు కొంచెం..."

"కొంచెమా?"

"మింగలేకపోతున్నాను," అని ఒప్పుకున్నాను.

"అది ముందే చెప్పొచ్చు కదా. మా ఇంట్లో అందరూ ఇలాగే బాగుందంటారు. అందుకే మా అమ్మ వంటింట్లోకి రావడం మానేసింది."

స్టూలు లాగి ఇచ్చాను. వాన తగ్గేదాకా కూర్చుని అంతా చెప్పింది. వాళ్లమ్మ వర్ధనమ్మగారికి కరోనా వచ్చి తగ్గింది గాని, నాలుకకి రుచి, ముక్కుకి వాసన తిరిగి రాలేదు. ఏడాదిగా గ్లాసునీ చేతినీ నమ్ముకునే వండుతోంది. పోయిన నెల ఆ గ్లాసు కనబడకుండా పోయింది. వేరే గ్లాసుతో వండినా అందరూ బాగుందనే అనేసరికి ఆవిడ గరిటె పక్కన పెట్టేసి, మీరే వండుకోండర్రా అని ముందుగదిలో కూర్చుంది. అమ్మ వంటలన్నీ బొమ్మలతో ఒక పుస్తకంగా చెయ్యాలని సత్యశ్రీ ఏడాది నుంచి కూర్చుని రాస్తోంది, గీస్తోంది. ప్రతి పేజీ 'మా గ్లాసుడు' అనే మొదలవుతుంది. అది ఇరవయ్యో పేజీ దగ్గర ఆగిపోయింది.

"నాకు పుస్తకం కాదు ముఖ్యం," అంది లేస్తూ. "అమ్మ మళ్లీ పొయ్యి దగ్గర నిలబడాలి."

ఆ ఆదివారం ఆరు రకాల గ్లాసులు సంచీలో వేసుకుని పెదబొడ్డేపల్లిలో వాళ్లింటికి వెళ్లాను. వ్యాపారం కోసమే వెళ్లానని నాకు నేను చెప్పుకున్నాను.

అలాంటి ఇల్లు నేనెక్కడా చూడలేదు. భోజనాల బల్ల మీద ఒక పక్క సత్యశ్రీ రంగులు, బ్రష్షులు. ఇంకో పక్క చెల్లెలు శ్రీదుర్గ పుస్తకానికి కుడుతున్న గుడ్డ అట్టలు, దారపు ఉండలు, జిగురు డబ్బా. కంచం పెట్టుకోవడానికి జానెడు చోటు లేదు. వాళ్ల నాన్నగారు సూర్యనారాయణమూర్తి మాస్టారు మంచం మీద కూర్చుని, ఒళ్లో కంచంతో తింటున్నారు.

"రావయ్యా. ఈ ఇంట్లో బల్ల మీద భోజనం చేసి ఏడాదయింది," అన్నారు.

అక్కాచెల్లెళ్లు కొత్త గ్లాసుతో వండడం, నేను రుచి చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పడం, సత్యశ్రీ పుస్తకంలో కొట్టేయడం. వర్ధనమ్మగారు మాత్రం గుమ్మం దాటి వంటింట్లోకి రాలేదు.

"ఎందుకు బాబూ ఈ తిప్పలు," అన్నారు ఒకసారి, చిక్కుడుకాయలు ఒలుస్తూ. "నా నోరే పోయింది. గ్లాసుదేముంది."

ఆ మాటకి సత్యశ్రీ అటు తిరిగి నిలబడింది. కళ్లద్దాలు తీసి పైట చెంగుతో తుడుచుకుంది. ఆవిరికి మసకబారాయేమో అన్నట్టు తుడుచుకుంది గాని, పొయ్యి అప్పటికి వెలిగించనే లేదు. నేను ప్రేమలో పడింది అప్పుడే అనుకుంటాను.

మూడు ఆదివారాలు గడిచాయి. మా నాన్న సూరన్న ఏదైనా ఆలస్యంగా చూస్తాడు గాని చూడకుండా ఉండడు.

"ఆదివారం వచ్చిసరికి సొక్కా ఇస్త్రీ అవుతున్నాదేటిరా?"

"గ్లాసులమ్ముకోడానికి నాన్నా."

"ఒక్కటీ అమ్మినట్టు నేదు మరి."

ఆ శుక్రవారం మధ్యాహ్నం యలమంచిలి బస్సు దిగి ఒకావిడ తువ్వాల్లో చుట్టిన గ్లాసు తెచ్చింది. "లక్ష్మీసాహితి అని చెక్కాలండీ. మా తోటికోడళ్ల సామానులో కలిసిపోతోంది."

గ్లాసు తిప్పాను. అడుగున చుక్కలు చుక్కలుగా, సగం అరిగిన పేరు. ఇప్పుడంటే మిషనుతో గీసేస్తున్నాం గాని, మా నాన్న రోజుల్లో చిన్న ఉలి, సుత్తి పెట్టి ఒక్కో చుక్కా కొట్టి పేరు రాసేవాడు. ఆయనే వెనకనుంచి వచ్చి కళ్లజోడు సవరించుకున్నాడు.

"ఇది నా సెయ్యే. వర్ధనమ్మ. ముప్పయ్యేళ్లు దాటింటాది."

"ఇది పెదబొడ్డేపల్లి వర్ధనమ్మగారి గ్లాసు కదండీ?" అన్నాను.

ఆవిడ ముఖం పాలిపోయింది. "మీకెలా తెలుసు? నేను పెద్దమ్మాయినండీ. పోయిన నెల వచ్చినప్పుడు సంచీలో పెట్టుకుపోయాను. అత్తారింట్లో ఎవరూ ఏమీ అనరు గాని, నేనేం వండినా నాకే మా ఇంటి రుచి రావట్లేదు. అమ్మకేం, ఏ గ్లాసుతోనైనా వండేస్తాది అనుకున్నాను."

"అమ్మగారు వంట మానేశారండీ. గ్లాసు పోయినప్పటినుంచీ."

"అదేటి? ఏం వండావని రోజూ ఫోన్లో అడుగుతాను. నిన్న పనసపొట్టు కూర అంది."

పెద్దకూతురు బెంగపడుతుందని ఆవిడ వండని కూరలన్నీ ఫోన్లో వండుతోంది. అది అర్థమయ్యాక లక్ష్మీసాహితి నా స్టూలు మీద కూర్చుని ఏడ్చేసింది.

"ఆదివారం వెళ్లి నేనే చెప్తాను. అప్పటిదాకా మా చెల్లెళ్లకి చెప్పకండి," అంది. చెప్పనన్నాను. గ్లాసు నా దగ్గర ఉంచమని అడిగాను.

మర్నాడు కొంచెం పెద్ద గ్లాసులు మూడు తీసుకుని, ఆకురాయితో అంచు అరగదీస్తూ కూర్చున్నాను. అరగదీయడం, నీళ్లు పోసి పాత గ్లాసుతో సరిచూడడం, మళ్లీ అరగదీయడం. మూడోది పూర్తయ్యేసరికి ఎదురుగా సత్యశ్రీ నిలబడి ఉంది. చూపు పాత గ్లాసు మీద ఉంది.

"ఇది మీ దగ్గరుందా?"

ఆకురాయి కింద పెట్టాను.

"మూడు వారాలు మా ఇంట్లో తిని, మా అమ్మ అలా కూర్చోడం చూసి కూడా? రావడానికి సాకు పోతాదనా?"

"రేపు తెలుస్తాదండీ మీకు."

"ఇప్పుడు చెప్పండి."

"చెప్పలేను."

గ్లాసు తీసుకుని వెళ్లిపోయింది. గొడుగు మరిచిపోయింది. పరిగెత్తి ఇచ్చాను. తీసుకోలేదు. తడుస్తూనే ఆటో ఎక్కింది.

ఆదివారం వెళ్లాలా వద్దా అని పొద్దున్నంతా అనుకున్నాను. చివరికి మూడు గ్లాసులూ ఆ గొడుగూ పట్టుకుని వెళ్లాను. తలుపు సత్యశ్రీయే తీసింది.

"అక్క అంతా చెప్పింది," అంది. "అన్ని మాటలు పడ్డారు. మీరెందుకు చెప్పలేదు?"

"ఆవిడకి చెప్పనని మాటిచ్చేను."

ఏదో అనబోయి ఆగింది. లోపల పోపు చిటపటమంటోంది. "బేగి రండి," అంది మెల్లగా. "అమ్మే వేస్తోంది."

వర్ధనమ్మగారు పొయ్యి దగ్గర నిలబడి పులిహోర కలుపుతున్నారు. మాస్టారు, ముగ్గురు కూతుళ్లు ఊపిరి బిగబట్టి చూస్తున్నారు. ఆవిడ ముద్ద నోట్లో పెట్టుకోలేదు. పెట్టుకున్నా తెలియదు. ప్లేటులో వడ్డించి నా చేతికిచ్చారు.

"వీళ్లంతా నావాళ్లు. గడ్డి పెట్టినా బాగుందంటారు. నువ్వు చెప్పు బాబూ."

తిన్నాను. సత్యశ్రీ నా ముఖంలోకే చూస్తోంది. బాగుందని ఒక్క మాట అంటే చాలు, ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. అనడానికి నోరు రాలేదు.

"ఉప్పు సరిగ్గా ఉందండీ. పులుపు పిసరంత తక్కువైంది."

వర్ధనమ్మగారు చింతపండు డబ్బా తీసి చూశారు. తర్వాత చాలాసేపు నవ్వారు. "అవును. ఇది పాత చింతపండు. ఇంకో రెబ్బ వెయ్యాలి. ఏడాది తర్వాత నాకు నిజం చెప్పినోడు వీడొక్కడే."

ఆ పూట బల్ల ఖాళీ చేసి అందరం దాని మీదే తిన్నాం. తిన్నాక మూడు గ్లాసులూ తీశాను. లక్ష్మీసాహితి గ్లాసు మీద ఆవిడ అత్తవారి ఇంటిపేరు మొదటి అక్షరం, పేరు. శ్రీదుర్గ గ్లాసు మీద మాస్టారి ఇంటిపేరు అక్షరం, పేరు. సత్యశ్రీ తన గ్లాసు అటూ ఇటూ తిప్పింది.

"నాకు ఇంటిపేరు వెయ్యలేదేం?"

"చిన్నమ్మాయిగారిది నాన్నగారి ఇంటిపేరుతో రాసేసేనండీ. మీ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగిపోయింది."

మాస్టారు మజ్జిగ తాగడం ఆపారు. సత్యశ్రీ గ్లాసు మీద పేరు ముందున్న ఖాళీని బొటనవేలితో తడిమింది. చెవులు ఎర్రబడ్డాయి.

"ఎంత చోటు వదిలేరు?"

"ఒక్క అక్షరం పట్టేంత."

"మీ ఇంటిపేరు అందులో పడతాదా?"

నేను తలూపాను.

"అయితే మిషనుతో వద్దు బాబూ," అన్నారు వర్ధనమ్మగారు, నా ప్లేటులో ఇంకో గరిటెడు వేస్తూ. "మీ నాన్నగారిలాగ చుక్కలు కొట్టి రాయి. బేగి అరగవు."

చుక్కలు కొట్టడం నేర్చుకోవడానికి నాకు ఆరు నెలలు పట్టింది. అక్షరం ఇప్పటికీ కాస్త వంకరగానే ఉంది. సత్యశ్రీ రోజూ దాంతోనే బియ్యం కొలుస్తుంది. పుస్తకం పూర్తయింది, శ్రీదుర్గ కుట్టిన గుడ్డ అట్టతో మా వంటింటి అలమారలో ఉంది.

ఆదివారం ఆదివారం అత్తయ్యగారి దగ్గరనుంచి టిఫిన్ బాక్సు వస్తుంది. వెనకే ఫోను వస్తుంది. "ఎలా ఉంది బాబూ?"

నేను ముద్ద పూర్తిగా నమిలి, ఉన్నది ఉన్నట్టే చెప్తాను. పిల్లనిచ్చింది అందుకే కదా.